వీరుల గుఱుతులు – వాని సంరక్షణము

తిరుచానూరునందు కార్తిక బ్రహ్మోత్సవముల తుదినాడు పంచమీతీర్థము జరుగును. పద్మసరోవరమున మునుగుటకై వచ్చు బంధువులతో ఆనాడు ఊరిలోని యిండ్లన్నియు నిండియుండును. పండుగకు ముందే ఇత్తడి పాత్రములు, రాగి పాత్రములు పెరటిలోనికి వచ్చును. చింతపండును, పీచును చేతబట్టి స్త్రీలు వానిని బంగారమువలె మెఱయునట్లు తోముదురు. కొన్ని యేండ్లక్రింద అట్టి దినములలో నేనొక బంధువుల యింట నుంటిని. ఆ యింటి పెద్దావిడను మేమందఱము అవ్వ యని పిలుతుము. ఆమె పాత్రములతోపాటు ఒక వెండి బిళ్లను గూడ తోముచుండెను.

"ఇదేమి అవ్వా?" అని యడిగితిని.

"మీ తాత వాళ్ల నాయన యుద్ధానికి పోయినప్పుడు తెల్లదొరలు ఇచ్చిన బిళ్ల నాయనా. ఆయుధపూజకొకసారి, తీర్థానికొకసారి తోముతా ఉంటాను. ఎట్ల మెరస్తా ఉందో చూడు" అని ఆమె దానిని నా చేతికిచ్చెను.

బిళ్ల నిజముగనే మెఱయుచుండెను. అది మొదటి ప్రపంచ యుద్ధమున పాల్గొన్నవారికి బ్రిటిషు ప్రభుత్వమిచ్చిన వెండి పతకము. ఒక వైపున అయిదవ జార్జి ముఖమును, రెండవ వైపున గుఱ్ఱముపైనున్న పురుషుని ప్రతిమయు, 1914, 1918 అను సంవత్సరములును ఉండును. ఈ పతకములో రాజు ముఖము నున్నబడి, కన్ను ముక్కు తెలియకుండెను. అది పెద్ద నష్టము కాదు. ఆ రాజుముఖము లక్షల పతకములపై నున్నది. నేను దాని అంచును త్రిప్పి చూచితిని. ఆ అంచుమీద సిపాయి సంఖ్య, హోదా, పేరు, పటాలము చెక్కబడియుండవలెను. అక్కడ నాకు రెండంకెలు మాత్రమే లీలగా కనబడినవి. తక్కినదంతయు భక్తితో తోమిన చింతపంటివలన అరిగిపోయినది.

ఈ చిన్న సంగతియే నన్నీ వ్యాసమునకు పురికొల్పినది. మన యిండ్లలో పూర్వులు విడిచిన యుద్ధస్మారక వస్తువులు పెక్కు గలవు. పతకములు, కత్తులు, ఒరలు, పటాలపు చొక్కాలు, విడుదల పత్రములు, మాసిన ఛాయాపటములు మనము ట్రంకుపెట్టెలలో నుంచియున్నాము. వానిని శత్రువులు పాడుచేయుట లేదు. పాడుచేయుచున్నది మన అజ్ఞానము. ఒక్కొక్కప్పుడు మన ప్రేమ.

కొందఱు ఈ వస్తువులను కాపాడుట ఎందుకని యడుగవచ్చును. "వారు పరాయి ప్రభువు కొలువున, పరాయి దేశమున పోరాడిరి. అది మనకేమి గర్వకారణము?" అనువారు గలరు. "యుద్ధచిహ్నములను పూజించుట హింసను పూజించుటయే" అనువారును గలరు. ఈ రెండు మాటలలోను కొంత సత్యమున్నది. కాని నేను పూజింపుమని చెప్పుట లేదు. ఆకలివలననో, కరవువలననో, సాహసబుద్ధివలననో పటాలమున చేరి సముద్రము దాటిన పల్లెవాని బ్రదుకు మన చరిత్రలోని భాగము. వాని కొలువు మంచిదో చెడ్డదో తీర్పుచెప్పుటకైనను వాడెవడో ముందు తెలియవలెను గదా. పేరే తెలియనివానిని మెచ్చుకొనుటయు తగదు, నిందించుటయు తగదు.

పేరు నిలుపుట మన సీమకు క్రొత్త కాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలో పుంగనూరు, మదనపల్లె, పలమనేరు ప్రాంతములందు తిరుగువారికి పొలముగట్లమీదను, చెఱువుకట్టల క్రిందను, ఊరి వాకిళ్లయందును వీరగల్లులు కానవచ్చును. బాణులు, వైదుంబులు, నొలంబులు ఈ సీమకై పోరాడిన కాలమున, అనగా క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దము మొదలు పదవ శతాబ్దము వఱకు, ఇట్టి శిలలు విస్తారముగ నాటబడినవి. కొన్నిటిపై తెలుగు, కొన్నిటిపై కన్నడము, కొన్నిటిపై అఱవము వ్రాయబడియున్నది. ఊరి పసులను శత్రువులు తోలుకొనిపోవునప్పుడు అడ్డుపడి చచ్చినవాడొకడు. ఏలికవెంట యుద్ధమునకు పోయి కూలినవాడొకడు. వైదుంబ గండత్రినేత్రుని కాలమునాటి సోరెమడి యుద్ధమును ఒకటికంటె నెక్కువ శిలలు పేర్కొనుచున్నవి.

ఈ శిలలయందు గమనింపవలసిన విషయమొకటి యున్నది. వీనిలో పెక్కింటిపై నున్న పేరు రాజుది మాత్రమే కాదు. రాజెవరో, యుద్ధమెక్కడనో చెప్పిన పిదప, చచ్చినవాడు ఫలానావాడని సామాన్య భటుని పేరును గూడ శిలపై చెక్కిరి. అతని చేతిలో విల్లో కత్తియో చూపించిరి. కొన్నిచోట్ల అతని కుటుంబమునకు భూమి యిచ్చినట్లును వ్రాసిరి. వేయియేండ్ల వెనుక, కాగితము గాని అచ్చు గాని లేని కాలమున, ఒక చిన్న పల్లె తనకై చచ్చినవానికి చేసిన గౌరవమిది.

దీనితో చంద్రగిరిని పోల్చి చూడుడు. తిరుచానూరునకు పడమరగ, కొలది క్రోసుల దూరమున ఆ దుర్గమున్నది. విజయనగర రాజుల కడపటి రాజధానులలో నది యొకటి. పిదప ఆర్కాటు నవాబుల చేతిలోనికి పోయి, 1782లో హైదరాలీకి లొంగి, 1792లో శ్రీరంగపట్టణపు సంధి జరుగువఱకు మైసూరు క్రింద నుండెను. ఇన్ని దొరతనముల క్రింద ఆ గోడలమీద కాపుగాచిన భటులు వేలకొలదిగ నుందురు. నేడు రాజమహలు నిలిచియున్నది. అందు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల యున్నది. రాజుల పేర్లు మనకు తెలియును. కోటగోడమీద రాత్రి మేలుకొన్న సామాన్యభటుని పేరు చెప్పగలవారెవరు? రాతిపై పేరెక్కిన పల్లెవీరుడు మిగిలెను. కోటలోని భటుడు మిగులలేదు.

ఇక ఇరువదవ శతాబ్దమునకు వత్తము. మొదటి ప్రపంచ యుద్ధమున 10 లక్షలకు పైగా భారతీయులు సముద్రము దాటి పోయిరి. వారిలో సుమారు 74,000 మంది మరణించిరి. మద్రాసు శాపర్లు మెసపొటేమియా యెడారిలో వంతెనలు కట్టిరి, బాటలు వేసిరి. యుద్ధము ముగిసిన పిదప ప్రభుత్వము కొన్ని గ్రామములందు చలువరాతి ఫలకములు నాటించెను. "ఈ గ్రామమునుండి యింతమంది మహాయుద్ధమునకు పోయిరి, వారిలో నింతమంది ప్రాణములర్పించిరి" అని వానిపై నుండును. సంఖ్య యున్నది, పేరు లేదు. ఢిల్లీలో 1931లో ఆవిష్కరింపబడిన ఇండియాగేటుపై చెక్కిన పేర్లు 13 వేలకు పైగా నున్నవి గాని, చనిపోయినవారి సంఖ్యతో పోల్చిన నవి యెంత?

ఇరాకుదేశమున బస్రాలో 1929లో ఆవిష్కృతమైన స్మారకము ఇంకను విచిత్రమైనది. మెసపొటేమియాలో చనిపోయి, సమాధి తెలియనివారు 40 వేలకు మించినవారికై అది కట్టబడినది. బ్రిటిషు సైనికుల పేర్లు అందు చెక్కబడినవి. భారతీయులలో అధికారుల పేర్లు చెక్కి, సామాన్య సిపాయీల విషయమున మాత్రము ఫలానా పటాలమునకు చెందినవారు ఇంతమంది యని లెక్క వ్రాసి యూరకుండిరి. సమాధుల సంరక్షణ చూచు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారు 2021లో ఒక నివేదిక ప్రకటించి, ఇట్టి భేదము పాటింపబడినదని యొప్పుకొని క్షమాపణ చెప్పుకొనిరి. నూఱేండ్ల తరువాత వచ్చిన క్షమాపణ! తొమ్మిదవ శతాబ్దపు పల్లె చేసిన పనిని ఇరువదవ శతాబ్దపు సామ్రాజ్యము చేయలేదు.

కాని అదే సామ్రాజ్యము తాను పంచిన పతకముల అంచులపై ఒక్కొక్క సిపాయి పేరును చెక్కించెను. ఇది చదువరులు గట్టిగ జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి. చలువరాతిపై లేని పేరు, స్మారకస్తంభముపై లేని పేరు, మన ట్రంకుపెట్టెలోని వెండిబిళ్ల అంచున నున్నది. దానినే మనము చింతపంటితో తోమివేయుచున్నాము. లేదా, కంసాలికిచ్చి కరగించి మొలత్రాడు చేయించుచున్నాము. ఈ తప్పు మనదొక్కరిదే యని చెప్పను. 1980 ప్రాంతమున వెండిధర విపరీతముగ పెరిగినప్పుడు ఇంగ్లండుననే యిట్టి పతకములు అనేకము మూసలలో కరగిపోయినవి.

కావున ఈ వస్తువులను కాపాడు విధమును కొంచెము తెలిసికొందము. ఇది పెద్ద శాస్త్రమేమియు కాదు, ధనవ్యయమును స్వల్పమే. మన ప్రాంతమున దీనికి పూర్వాచారము గూడ నున్నది. చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగమైయున్న కాలమున, 1930లో, మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలవారు తమ కంచువిగ్రహములకు చిలుము పట్టి తినివేయుచుండుట చూచి, దానిని మాన్పుటకు ఒక రసాయనశాల నెలకొల్పిరి. తంజావూరి కోటనుండి వచ్చిన ఆయుధములును ఆ ప్రదర్శనశాలలో నున్నవి. వారి యనుభవమునను, తరువాతివారి యనుభవమునను తేలిన సారము ఒక్కటే: వస్తువునకు మనము చేయు ఉపకారములో సగము, దానిజోలికి పోకుండుటయే.

మొదట పతకముల మాట. వెండి నల్లబడుట గాలిలోని గంధకమువలన కలుగును. ఆ నలుపు పలుచని పొర; అది పతకమును తినివేయదు. తోముట మాత్రము ప్రతిసారియు కొంత లోహమును తీసికొనిపోవును. చింతపండు, విభూతి, ముగ్గుపిండి, అంగళ్లలో అమ్ము తోముడుపొడులు – అన్నియు నిట్టివే. కావున నల్లని పతకము నల్లగనే యుండనిండు. మెత్తని నూలుగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును. వట్టిచేతితో ముట్టరాదు, చెమటలోని యుప్పు లోహముపై వ్రేలిముద్రవలెనే మచ్చ వేయును. రబ్బరు, ఉన్నిబట్ట గంధకము విడుచును గనుక వానిలో చుట్టరాదు. ఒక పతకము మఱియొకదానికి తగులకుండ వేర్వేఱు పొట్లములుగ నుంచవలెను. రంగుపట్టీ యున్నచో దానిని మడువక, వెలుతురు తగులనీయక దాచవలెను. ఎండకు వెలసిన రంగు మరల రాదు.

ఇనుము సంగతి వేఱు. దానికి శత్రువు తేమ. మన సీమలో ఆశ్వయుజమునుండి మార్గశిరము వఱకు ఈశాన్య ఋతుపవనపు వానలు పడును. ఆ నెలలలోనే కత్తులకు తుప్పు పుట్టును. పెద్దలు కత్తిని తోలు ఒరలోనే యుంచి గోడకు వ్రేలగట్టుదురు. ఇది పొరపాటు. తోలు తేమను పీల్చి పట్టియుంచును. తోలు పదునుచేయుటకు వాడిన పులుసు పదార్థములు ఇనుమును కొఱుకును. కత్తిని ఒరనుండి తీసి, రెంటిని ప్రక్కప్రక్కన వేఱుగ నుంచవలెను. కొబ్బరినూనె, నువ్వులనూనె పూయుటయు మంచిది కాదు; అవి కొన్నాళ్లకు జిగురై దుమ్మును పట్టును. పలుచని మైనపు పూత చాలును. తుప్పును గరుకుకాగితముతో గీకిన, పిడి దగ్గఱనున్న కమ్మరి ముద్రయో, పటాలపు గుఱుతో దానితో పోవును. బలమైన తుప్పు పట్టిన వస్తువును తెలిసినవారికే చూపవలెను.

పటాలపు చొక్కాలు, ఉన్నికోట్లు పురుగుల పాలగును. వానిని గంజిలేని, ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి, మడతలు సంవత్సరమున కొకసారి మార్చవలెను; ఒక్క మడతయే యెల్లకాలము ఉన్న బట్ట అక్కడ చినుగును. పచ్చి వేపాకు పెట్టుటవలన తేమయు, మఱకయు కలుగును. బాగుగ ఎండిన ఆకును చిన్న గుడ్డసంచిలో కట్టి ప్రక్కనుంచవచ్చును. కలరా ఉండలు బట్టకు తగులరాదు.

కాగితములు అన్నిటికంటె సుకుమారమైనవి. విడుదల పత్రమును ప్లాస్టిక్కు పొరలమధ్య వేడిచేసి అతికించువారు పెక్కండ్రున్నారు. అట్లు చేసిన కాగితమును మరల విడదీయుట మిగుల కష్టము. జిగురు పట్టీలతో చినుగులు అతుకరాదు. ఆ జిగురు పసుపై కాగితమును తినును. ఛాయాపటము వెనుక సిరాతో గాక మెత్తని పెన్సిలుతో, అంచున, తేలికగ వ్రాయవలెను. పెట్టెను నేలమీదను, బయటిగోడకు ఆనించియు ఉంచరాదు. చెదలకు, చెమ్మకు అవి రెండును రాచబాటలు. పెట్టెలో తేమను పీల్చు సిలికాజెల్ పొట్లములు కొన్ని యుంచి, అప్పుడప్పుడు మార్చినచో మేలు.

ఇచ్చట చట్టమును గూడ మఱవరాదు. తుపాకి యున్న యింట, దాని యజమాని గతించిన పిదప వారసులు దానిని ఊరక దాచుకొనుటకు వీలులేదు. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము అనుమతి పొందవలెను, లేదా పోలీసుస్టేషనున గాని అనుమతిగల వ్యాపారియొద్ద గాని అప్పగింపవలెను. పేలని గుండ్లు, తూటాలు కనబడినచో ముట్టక, కదల్పక, వెంటనే పోలీసులకు తెలుపవలెను. నూఱేండ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తుచట్టము వర్తించును. వానిని దేశము దాటించుట నేరము.

ఇంతవఱకు చెప్పినది వస్తువు మాట. కాని వస్తువుతోపాటు కాపాడవలసినది దాని కథ. కథ పోయిన కత్తి తుక్కు యినుము. పేరు పోయిన పతకము తులముల వెండి. కావున ప్రతి వస్తువునకు ఒక చీటి వ్రాయుడు. ఇది ఎవరిది, ఏ పటాలము, ఎప్పుడు పోయెను, ఎప్పుడు తిరిగివచ్చెను, ఎవరు చెప్పగా వింటిరి – ఇవి చాలును. నిశ్చయముగ తెలిసినదానిని, ఊహించినదానిని వేర్వేఱుగ వ్రాయుడు. వస్తువుల ఛాయాపటములు తీయించి, ఒక ప్రతి వేఱొక యింట నుంచుడు. ఒక్క యిల్లు కాలినను, మునిగినను కథ మిగులును.

వ్రాతకు గల బలమునకు ఒక నిదర్శనము చెప్పెదను. మొదటి ప్రపంచ యుద్ధమునకు పోయిన పంజాబు సైనికుల పట్టికలు, సుమారు 3,20,000 మందివి, లాహోరు ప్రదర్శనశాలలో నూఱేండ్లకు దగ్గఱగ ఎవరికిని తెలియక పడియుండెను. అవి 2021లో లోకమునకు వెల్లడియైనవి. ఎందఱో మనుమలు, మునిమనుమలు తమ తాతల పేర్లు అందు వెదకికొనిరి. మన తెలుగుసీమలోని సిపాయీలకు అట్టి గ్రంథము ఎక్కడినుండియో వచ్చి పడునని కాచుకొని కూర్చుండ నక్కఱలేదు. ఊరికొక ఉపాధ్యాయుడు, నలుగురు విద్యార్థులు పూనుకొని యింటింటికి తిరిగి పతకపుటంచులు చదివి వ్రాసికొన్నచో, ఒక వేసవి సెలవులలో ఒక మండలపు పట్టిక సిద్ధమగును. ఇంటిలో ఉంచుకొనలేనివారు ప్రదర్శనశాలలకు ఒప్పగింపవచ్చును. మద్రాసు సెయింటుజార్జి కోటలో 1948లో తెఱవబడిన ప్రదర్శనశాలలో పతకములు, ఆయుధములు, సైనిక వస్త్రములు చూచువారికి, ఇట్టివి ఎంత చక్కగ నిలువగలవో తెలియును.

తిరుచానూరి యవ్వ మాట ముగింపలేదు. ఆమె పెట్టెలో రెండవ పతకమొకటి యున్నది. అది వెండిది కాదు, కంచుది. ఱెక్కలుగల విజయదేవత ప్రతిమ దానిపై నున్నది. మెఱయదు గనుక ఎవరును దానిని లక్ష్యపెట్టలేదు. నాటినుండి నేటివఱకు ఒక పాతగుడ్డలో చుట్టబడి, తోమబడక, పూజింపబడక మూలబడియుండెను. దానిని కిటికీ వెలుతురున ఏటవాలుగ పట్టి చూచితిని. అంచుపై సంఖ్య, హోదా, పేరు, పటాలము – ఒక్క యక్షరమైన చెడలేదు. నేను చదివితిని. ఇంగ్లీషు లిపిలో వంకరగ నున్నను అది మన పల్లెపేరే. అవ్వ ఆ పేరు విని, కొంతసేపు మాటాడక, "ఆ పేరు మా మనవడికి పెట్టినామే నాయనా" అనెను.

ఆదరము చెఱిపినదానిని అలక్ష్యము కాపాడెను. కాని అలక్ష్యమును నమ్ముకొనరాదు. అది ఒకనాడు కాపాడును, మఱునాడు పాతసామాను కొనువాని బండి కెక్కించును. తెలిసి చూపు ఆదరము కావలెను. ఆ సంవత్సరమునుండి ఆ యింట ఆయుధపూజనాడు పతకములు తోముట మానిరి. పెట్టె తెఱచి, దుమ్ము తుడిచి, పిల్లలలో నొకరిచేత ఆ పేరును పైకి చదివించి, మరల మూయుచున్నారు. ఆచారము పోలేదు; దానికి అర్థము చేరినది. ప్రతి యింట నిట్లు జరిగినచో, వీరగల్లులు నాటిన పూర్వులకు మనము తగినవారమని చెప్పుకొనవచ్చును.